పుట్టగొడుగుల క్యాప్సూల్స్ వాడుతూ షుగర్ మాత్రలు మానేయవచ్చా?

మీ ప్రశ్న చదవగానే నాకు కంగారు పుట్టించింది పుట్టగొడుగు కాదు, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర.

మీరు రాసింది ఇదీ: నాన్నగారికి 58 ఏళ్లు, టైప్ 2 షుగర్ వచ్చి తొమ్మిదేళ్లు. మెట్‌ఫార్మిన్ రోజుకు రెండుసార్లు, గ్లిమెపిరైడ్ పొద్దున ఒకటి. కిందటి పరీక్షలో, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 8.1. తెలిసినాయన ఒకరు రీషీ, కార్డిసెప్స్ అనే పుట్టగొడుగులు కలిపిన క్యాప్సూల్స్ అంటగట్టి, మూడు నెలలు వాడితే మాత్రలు ఒక్కొక్కటిగా మానేయవచ్చని చెప్పారు. నాన్నగారు నమ్మి ఇప్పటికే గ్లిమెపిరైడ్ రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. పరగడుపున 190 ఉండేది ఈ మధ్య ఇంట్లో మీటర్ 160 చూపించింది. ఇది నిజంగా పనిచేస్తోందా, మాత్రలు తగ్గించవచ్చా, పోనీ రెండూ కలిపి వాడితే నష్టమేమిటి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

రెండో ప్రశ్నకు జవాబు ముందు చెబుతాను, ఎందుకంటే అది ఆగేది కాదు. తగ్గించకూడదు. ఈరోజే డాక్టరుకు ఫోన్ చేసి, మాత్ర ఎన్నాళ్లుగా ఎలా వేసుకుంటున్నారో దాచకుండా చెప్పి, ఆయన చెప్పిన మోతాదుకు తిరిగి రండి. 8.1 అంటే మూడు నెలల సగటు సుమారు 186 అని లెక్క. ఉన్న మందులతోనే అదుపు చాలని మనిషి ఒక మందును సగానికి కోసుకుంటే ఆ లోటు వెంటనే కనపడదు. కంటి వెనక, కిడ్నీలో, పాదాల నరాల్లో చాపకింద నీరులా పాకుతుంది. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సాగిన యూకేపీడీఎస్ అధ్యయనం 2000లో ఇచ్చిన లెక్క చూడండి: హెచ్‌బీఏ1సీ ఒక శాతం తక్కువున్నవారిలో కన్ను, కిడ్నీ వంటి సన్న రక్తనాళాల సమస్యలు 37 శాతం తక్కువ. ఒక్క పాయింటు అంటే అంత. అందుకే ఆ పాయింటును ఎవరి మాట మీదా పందెం కాయకూడదు.

నేను ఎవరినో కూడా చెప్పాలి కదా. ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రి ఫార్మసీలో పనిచేశాను. అందులో సగం కాలం షుగర్ రోగులకు మందులు ఎలా వాడాలో వివరించడమే నా పని. నాకూ పద్నాలుగేళ్లుగా టైప్ 2 ఉంది. రీషీ స్వయంగా నాలుగు నెలలు మింగాను, ఆ కథ తర్వాత చెబుతాను. కాబట్టి నాది పుట్టగొడుగులంటే గిట్టనివాడి మాట కాదు.

ఇక 190 నుంచి 160 సంగతి. ఇంట్లో వాడే గ్లూకోమీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. రీడింగ్ 100 దాటితే అసలు విలువకు అటూ ఇటూ 15 శాతం లోపల చూపిస్తే చాలు, మీటర్ బాగున్నట్టే లెక్క. అసలు షుగర్ 175 ఉంటే అదే మీటర్ 149 నుంచి 201 వరకు ఏదైనా చూపించవచ్చు. అంటే నాన్నగారి 190, 160 రెండూ ఒకే 175 అయ్యే అవకాశం ఉంది. ముందురోజు రాత్రి ఎప్పుడు తిన్నారు, నిద్ర పట్టిందా, వేలు కడుక్కుని గుచ్చుకున్నారా అన్నవి కూడా ఈ అంకెను కదిలిస్తాయి. పైగా కొత్త మందు మొదలుపెట్టిన వారంలో మనుషులు తెలియకుండానే జాగ్రత్తగా తింటారు. రెండు రీడింగుల తేడాను మందు ఖాతాలో వేయడం వాపును చూసి బలుపనుకోవడమే. అది కూడా మాత్ర తగ్గించిన మనిషి విషయంలో.

అయితే పుట్టగొడుగుల్లో ఏమీ లేదా? ఉంది. అందుకే ఈ నమ్మకం ఇంత గట్టిగా నిలబడింది. నాన్నగారు వేసుకునే మెట్‌ఫార్మిన్ మూలం కూడా ఒక మొక్కే. గలీగా అఫిసినాలిస్ అనే ఊదారంగు పూల మొక్కలో షుగర్ తగ్గించే పదార్థం ఉంది, కానీ అది విషపూరితం. దాన్ని పోలిన, మనిషి తట్టుకోగల పదార్థాన్ని ప్రయోగశాలలో 1922లో తయారుచేశారు. 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలైతే నేరుగా శిలీంధ్రాల సొత్తే. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో వేల రకాల బూజులను వడపోసి పెనిసిలియం జాతి బూజులో మొదటి స్టాటిన్ పట్టుకున్నాడు. 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ కూడా బూజు నుంచి వచ్చిందే. చిత్రమేమిటంటే, మనం కూరగా వండుకునే ఆయిస్టర్ పుట్టగొడుగులో కూడా లోవాస్టాటిన్ కొద్ది మొత్తంలో కనిపించింది.

షుగర్ విషయంలోనైతే ఇంకా ఆశ పుట్టించే సంగతి జరిగింది. కాంగోలో కిన్షాసా దగ్గర సేకరించిన ఆకుల మీద పెరిగిన ఒక సూక్ష్మ శిలీంధ్రంలో ఇన్సులిన్ చేసే పని చేసే చిన్న అణువు ఉందని 1999లో సైన్స్ పత్రికలో వచ్చింది. నోటి ద్వారా ఇస్తే ఎలుకల్లో షుగర్ తగ్గింది. ఇన్సులిన్ సూది పోయి మాత్ర వస్తుందని మా వాళ్లందరం సంబరపడ్డాం. ఇప్పటికి పాతికేళ్లు దాటింది, ఆ మాత్ర మందుల షాపుకు రాలేదు. ఎలుకకూ మనిషికీ మధ్య దారి అంత పొడుగు. సీసా మీద "శాస్త్రీయంగా నిరూపితం" అని చూసినప్పుడల్లా నాకు ఆ కాంగో ఆకు గుర్తొస్తుంది.

ప్రయోగశాలలో కనిపించినవి చెబితే మీరే తూకం వేసుకోవచ్చు. చాలా పుట్టగొడుగుల సారం గాజు గొట్టంలో ఆల్ఫా గ్లూకోసిడేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. పేగుల్లో పిండి పదార్థాన్ని చక్కెరగా విడగొట్టేది ఆ ఎంజైమే. అకార్బోస్ అనే షుగర్ మాత్ర పనిచేసేది ఆ దారిలోనే. రీషీలోని కొన్ని పాలీశాకరైడ్లు (చక్కెర అణువులు గొలుసుగా అల్లుకున్న పదార్థాలు) ఎలుకల్లో ఇన్సులిన్ విడుదలను పెంచాయి. పేగుల్లోని సూక్ష్మజీవుల తీరు మారిందని మరికొన్ని అధ్యయనాలు. బాగానే ఉంది. కానీ ఆ ఎలుకలకు షుగర్ వచ్చింది ఎలా? స్ట్రెప్టోజోటోసిన్ అనే విషం ఎక్కించి క్లోమగ్రంథి కణాలను చంపితే వచ్చింది. ఏళ్ల తరబడి కూర్చున్న ఉద్యోగం, పెరిగిన నడుము, తక్కువ నిద్ర, వంశం అన్నీ కలిసి తెచ్చిన మీ నాన్నగారి షుగరూ, అదీ ఒకటి కాదు. ఎలుకకు కిలో బరువుకు ఇచ్చిన మోతాదును మనిషికి లెక్క కడితే రోజుకు గుప్పెడు క్యాప్సూల్స్ మింగాల్సిన సందర్భాలూ ఉంటాయి.

ఇక్కడ ఒక తికమక గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లకు ఇది బాగా పనికొస్తోంది. బీటా గ్లూకాన్ అనే పీచు పదార్థం షుగర్ తగ్గిస్తుందన్న మాట మీరు విని ఉంటారు. నిజమే, ఓట్స్, బార్లీల్లోని బీటా గ్లూకాన్ భోజనం తర్వాత షుగర్ ఎగబాకడాన్ని తగ్గిస్తుందని మనుషుల్లోనే రుజువైంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా ఒప్పుకుంది. కానీ అది పనిచేసే తీరు చాలా మామూలుది: నీటిలో కరిగి జిగురులా మారి, పేగుల్లో ఆహారాన్ని నెమ్మదిగా కదిలేలా చేస్తుంది. దానికి గ్రాముల కొద్దీ కావాలి, భోజనంతో పాటే కడుపులోకి వెళ్లాలి. పుట్టగొడుగుల బీటా గ్లూకాన్ అల్లిక వేరు. చాలావరకు నీటిలో అంత జిగురు కట్టదు. దాని మీద జరిగిన పరిశోధన ఎక్కువగా రోగనిరోధక శక్తికి సంబంధించినది. పేరు ఒకటే కాబట్టి ఓట్స్‌కు వచ్చిన మంచిపేరును అర గ్రాము క్యాప్సూల్ ఎత్తుకుపోతోంది.

మనుషుల మీద జరిగినవి చూద్దాం. రీషీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉంటాను, మీ సీసాలో ఉన్నది అదే కాబట్టి.

2004లో వచ్చిన ఒక అధ్యయనంలో 71 మంది టైప్ 2 రోగులను తీసుకుని, రీషీ నుంచి తీసిన పాలీశాకరైడ్ సారాన్ని 12 వారాలు ఇచ్చారు. 1800 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు. హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 7.6కు దిగింది. రీషీ అమ్మేవాళ్లందరూ చూపించేది దీన్నే. మీరు మోతాదు గమనించండి: రోజుకు 5.4 గ్రాముల సారం. మీ దగ్గరున్న క్యాప్సూల్‌లో ఎంత ఉంది? చాలావాటిలో అర గ్రాము కూడా ఉండదు.

తర్వాత 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు దీన్ని గట్టిగా పరీక్షించారు. టైప్ 2 షుగర్, దానితోపాటు మెటబాలిక్ సిండ్రోమ్ (పెరిగిన నడుము, బీపీ, కొవ్వులు కలిసి ఉండటం) ఉన్న 84 మందిని మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు రీషీ, రెండోదానికి రీషీతో కార్డిసెప్స్, మూడోదానికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. రోజుకు 3 గ్రాములు, 16 వారాలు. హెచ్‌బీఏ1సీ, పరగడుపు షుగర్ రెండింటిలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రీషీ, కార్డిసెప్స్, టైప్ 2 షుగర్: అచ్చంగా నాన్నగారికి అమ్మిన జోడీ మీదే జరిగిన పరీక్ష ఇది, ఫలితం ఇదీ. అంతకు ఏడాది ముందు, 2015లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ అప్పటివరకు జరిగిన 5 పరీక్షలను, మొత్తం 398 మందిని కలిపి చూసి, ఈ పనికి రీషీ వాడమని చెప్పే ఆధారం లేదని తేల్చింది.

అగారికస్ బ్లేజీ అనే మరో పుట్టగొడుగు మీద 2007లో ఒక పరీక్ష కాస్త మెరుగైన ఫలితం ఇచ్చింది. మెట్‌ఫార్మిన్, గ్లిక్లజైడ్ వాడుతున్న 72 మందికి రోజుకు 1500 మిల్లీగ్రాముల సారం 12 వారాలు ఇస్తే, ఇన్సులిన్ శరీరానికి పట్టకపోవడం అనే సమస్య కొంత తగ్గింది. నాకు ఇందులో నచ్చింది ఒకటే. వాళ్లు మాత్రలు ఆపలేదు, మాత్రల మీద అదనంగా ఇచ్చారు. అనుబంధ చికిత్స అంటే అదీ. కాకపోతే ఒక చిన్న అధ్యయనం మీద మందు రాయలేం.

ఆయిస్టర్ పుట్టగొడుగు విషయం వేరు, అది మందు కాదు, కూర. బంగ్లాదేశ్‌లో 89 మంది షుగర్ రోగులకు ఒక వారం పుట్టగొడుగులు పెట్టి, ఒక వారం ఆపి, మళ్లీ ఒక వారం పెట్టి చూశారు. తిన్న వారాల్లో షుగర్, కొలెస్టరాల్ తగ్గాయి, ఆపినప్పుడు పెరిగాయి. 2007లో ప్రచురించారు. పోల్చడానికి వేరే గుంపు లేదు, కాలం మరీ తక్కువ. అయినా నాకు ఈ అధ్యయనం అంటే ఒక ఇష్టం. దాని గురించి కింద చెబుతాను.

మిగతా పుట్టగొడుగులను గబగబా ముగిస్తాను. మైటాకే మీద మనుషుల్లో ఉన్నవి ఒకరిద్దరు రోగుల అనుభవాల స్థాయి నివేదికలు. లయన్స్ మేన్ నరాలకు మంచిదని పాదాల తిమ్మిర్లకు అమ్ముతున్నారు. మనుషుల్లో పేరొచ్చిన పరీక్ష 2009లో జపాన్‌లో 30 మంది మీద జరిగింది, అది మతిమరుపుకు సంబంధించినది, షుగర్ తిమ్మిర్లకు కాదు. టర్కీ టెయిల్ సారాన్ని జపాన్ 1977లో మందుగా అనుమతించిన మాట నిజం. అది క్యాన్సర్ చికిత్సకు తోడుగా. ఆ అనుమతిని షుగర్ ప్రకటనలో వాడుకోవడం ఒకరి పెళ్లిఫొటో చూపించి ఇంకొకరికి సంబంధం మాట్లాడటం లాంటిది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలైతే విటమిన్లు, మూలికలు వంటి సప్లిమెంట్లను షుగర్ అదుపు కోసం సిఫారసు చేయడం లేదని సూటిగా చెబుతాయి.

నా నాలుగు నెలల కథ. అప్పటికి నా హెచ్‌బీఏ1సీ 7.4. మందుల చదువు చదివిన నేనే ఒక సహోద్యోగి ఉత్సాహం చూసి రీషీ పొడి మొదలుపెట్టాను. మాత్రలు ఆపలేదు. నాలుగు నెలల తర్వాత 7.0 వచ్చింది. ఎంత పొంగిపోయానో! ఇంట్లో అందరికీ చెప్పాను, ఇద్దరు రోగులకు కూడా నోరుజారాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత డైరీ తిరగేస్తే, రీషీ మొదలుపెట్టిన వారంలోనే సాయంత్రం నలభై నిమిషాల నడక కూడా మొదలుపెట్టానని తేలింది. రెండింటిలో ఏది పనిచేసిందో తేల్చాలని పొడి మానేసి నడక ఉంచాను. మరో నాలుగు నెలలకు 6.8. పొడి ఏమీ చేయలేదని దీన్నిబట్టి ఖాయంగా చెప్పలేను, ఒక మనిషి అనుభవం పరీక్ష కాదు. కానీ ఆ సీసా మళ్లీ కొనలేదు.

ఇప్పుడు బంగ్లాదేశ్ అధ్యయనం ఎందుకు ఇష్టమో చెబుతాను. పుట్టగొడుగును నేను ఒకే ప్రశ్నతో కొలుస్తాను: అది దేని స్థానంలోకి వస్తోంది? మాత్ర స్థానంలోకి వస్తే ప్రమాదం. పళ్లెంలో మరోదాని స్థానంలోకి వస్తే లాభం. వంద గ్రాముల పచ్చి బటన్ పుట్టగొడుగుల్లో 92 శాతం నీళ్లే. పిండి పదార్థం మూడు గ్రాములకు కొంచెం ఎక్కువ, ప్రోటీన్ మూడు గ్రాములు, మొత్తం 22 క్యాలరీలు. అదే వంద గ్రాముల ఉడికించిన బంగాళాదుంపలో పిండి పదార్థం ఇరవై గ్రాములు. కూరలో దుంప ఉండే చోట పుట్టగొడుగు వేస్తే ఆ పూట పదిహేను గ్రాములకు పైగా పిండి పదార్థం తగ్గిపోయింది. మాంసం సగం తగ్గించి ఆ సగం పుట్టగొడుగులు కలిపితే రుచి పెద్దగా పోదు, కొవ్వు తగ్గుతుంది. దీనికి గూఢమైన అణువులేమీ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బహుశా ఆ 89 మందిలో జరిగింది చాలావరకు ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

వండేటప్పుడు రెండు మాటలు. బాగా ఉడికించండి. పచ్చిగానో సగం ఉడికినవో తిన్న షీటాకే పుట్టగొడుగుల వల్ల కొందరికి ఒంటి మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు తేలతాయి. జపాన్ వైద్యులు 1977లోనే దీన్ని గుర్తించారు. ఇంకొకటి, అడవిలో, పొలం గట్ల మీద ఏరినవి తినవద్దు. డెత్ క్యాప్ వంటి వాటిలోని విషం ఉడికించినా పోదు. తిన్న ఆరేడు గంటల దాకా ఏమీ తెలియదు, తెలిసేసరికి కాలేయం మీద పని మొదలై ఉంటుంది. "మందు పుట్టగొడుగు" అన్న పేరు విని ఎవరో ఏరితెచ్చినవి ఎండబెట్టి తాగేవాళ్లున్నారు, అందుకే చెబుతున్నాను. కిడ్నీ దెబ్బతిని పొటాషియం తగ్గించమన్నవారు కూరగా తినేముందు కూడా డాక్టరును అడగాలి. వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది.

మూడో ప్రశ్న, రెండూ కలిపి వాడితే నష్టమేమిటి? దీనికి "సహజమైనదే కదా" అన్నది జవాబు కాదు.

నాన్నగారి విషయంలో మొదటి భయం లో షుగర్. గ్లిమెపిరైడ్ భోజనంతో సంబంధం లేకుండా ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది. దానిమీద నిజంగా షుగర్ తగ్గించే పదార్థమేదైనా తోడైతే 70 కిందకు జారవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, చిరాకు, మాట తడబడటం కనిపిస్తే మీటర్ వెతుకుతూ కూర్చోకుండా 15 గ్రాముల గ్లూకోజ్ ఇవ్వండి. 15 నిమిషాలు ఆగి పరీక్షించండి, పెరగకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇన్సులిన్ వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. టైప్ 1 ఉన్నవారు మాత్రం ఏ పుట్టగొడుగును నమ్మి అయినా ఇన్సులిన్ మానితే కొన్ని రోజుల్లోనే రక్తం ఆమ్లమయ్యే కీటోఅసిడోసిస్‌తో ప్రాణం మీదకు వస్తుంది. అక్కడ చర్చకే తావులేదు.

రీషీ రక్తం గడ్డకట్టడాన్ని కొంత తగ్గించవచ్చు. షుగర్‌తో పాటు గుండెకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడేవారు చాలామంది ఉంటారు, వాళ్లు దీనికి దూరంగా ఉండాలి. ఏదైనా ఆపరేషన్ ఉంటే, అది పన్ను పీకించుకోవడమైనా సరే, రెండు వారాల ముందే ఆపి ఆ సంగతి చెప్పాలి. రీషీ పొడి వాడినవారిలో కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న కేసులు హాంకాంగ్, థాయ్‌లాండ్ నుంచి వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే, కానీ కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా ఆగకూడదు. అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారికి ఇవి పూర్తిగా నిషేధం అనుకోండి.

చాగా అనే మరో శిలీంధ్రం గురించి విడిగా హెచ్చరిస్తాను, ఎందుకంటే షుగర్ ఉన్నవారి కిడ్నీలు ముందే నలిగి ఉంటాయి. చాగాలో ఆక్సలేట్ చాలా ఎక్కువ. 2014లో జపాన్ నుంచి వచ్చిన నివేదికలో, రోజుకు నాలుగైదు చెంచాల చాగా పొడి ఆరు నెలలు తీసుకున్న 72 ఏళ్ల మహిళ కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకుని కిడ్నీలు దెబ్బతిన్నాయి. షుగర్ ఉన్న ఎవరైనా నన్ను చాగా టీ తాగవచ్చా అని అడిగితే వద్దనే చెబుతాను.

కార్డిసెప్స్‌లో చిక్కు మరోటి. కొండల్లో గొంగళిపురుగు మీద పెరిగే అసలు రకం బంగారంతో పోటీపడే ధర పలుకుతుంది కాబట్టి సీసాల్లో ఉండేది ఎక్కువగా సాగు చేసిన వేరే రకం. అది తప్పు కాదు, లేబుల్ మీద రాస్తే. అసలు రకమని గర్వంగా కొన్నవారికీ బెంగ తప్పదు: 2016లో చైనా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థే వాటిలో ఆర్సెనిక్ పరిమితి మించి ఉందని హెచ్చరించింది.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది పుట్టగొడుగు పేరు రాసి లోపల మాత్ర కలపడం. "సహజ షుగర్ మందు"ల్లో చెప్పకుండా మెట్‌ఫార్మిన్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి అసలు షుగర్ మాత్రలు కలిపి దొరికిపోయిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. 2008లో సింగపూర్‌లో షుగర్ లేని 150 మంది తీవ్రమైన లో షుగర్‌తో ఆసుపత్రుల పాలయ్యారు, నలుగురు చనిపోయారు. కారణం లైంగిక శక్తి పేరుతో దొంగచాటుగా అమ్మిన మందుల్లో గ్లైబెన్‌క్లమైడ్ ఉండటం. అందుకే ఏ క్యాప్సూల్ అయినా మూడు నాలుగు రోజుల్లో షుగర్‌ను ధడేలున దించితే సంతోషించకండి, అనుమానించండి. పుట్టగొడుగు అంత వేగంగా పనిచేయదు.

లేబుల్ చదవడం నేర్చుకోండి. "మైసీలియం" అని ఉంటే ఆ శిలీంధ్రపు వేర్లలాంటి పోగులను ధాన్యం గింజల మీద పెంచి, గింజలతో సహా పొడి చేసే అవకాశం ఎక్కువ. "పండు భాగం" లేదా ఫ్రూటింగ్ బాడీ అని ఉంటే అది మనకు కనిపించే గొడుగు. "పాలీశాకరైడ్లు 40 శాతం" అన్న అంకె చూసి మురిసిపోవద్దు, గింజల పిండి కూడా పాలీశాకరైడే. బీటా గ్లూకాన్ ఎంతో విడిగా రాశారా అని చూడాలి. ఇంట్లో ఒక చిన్న పరీక్ష కూడా చేయవచ్చు: పొడిని కాస్త వేడినీటిలో కలిపి, చల్లారాక గాయాలకు రాసే అయోడిన్ చుక్క వేయండి. ముదురు నీలం, నలుపు వస్తే అందులో ధాన్యపు పిండి ఉన్నట్టు. రాకపోతే మంచి సరుకని అర్థం కాదు, పిండి లేదని మాత్రమే. ఆ కాస్త పిండి షుగర్ పెంచేంత కాదు లెండి, కాకపోతే మీరు డబ్బు పెట్టింది దానికి కాదు కదా. 2017లో అమెరికాలో అమ్మే 19 రకాల రీషీ ఉత్పత్తులను పరీక్షిస్తే లేబుల్‌కు తగ్గట్టు ఉన్నవి 5 మాత్రమే. కంపెనీలు మాత్రం పుట్టగొడుగుల్లాగే పుట్టుకొస్తున్నాయి.

రీషీ కాఫీ పొట్లాలు, మష్రూమ్ గమ్మీలు అని వస్తున్నాయి. వాటి వెనక వైపు చూడండి, కొన్నిటిలో మొదటి దినుసు చక్కెర. షుగర్ తగ్గించుకోవడానికి చక్కెర కొనడం!

ఇంత చెప్పినా నాన్నగారు వాడి తీరతానంటే, గొడవపడి ఆయన చాటుగా మింగేలా చేయకండి. చాటుగా వాడేదే అసలు ప్రమాదం. ఇలా ఒప్పందం చేసుకోండి. మొదలుపెట్టే ముందు హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కాలేయ పరీక్ష చేయించాలి. ఒక్కటే ఉత్పత్తి, మిశ్రమం కాదు. డాక్టరు రాసిన మాత్రలు ఒక్కటి కూడా తగ్గకూడదు. ఆ మూడు నెలలు తిండి, నడక కొత్తగా మార్చకుండా ఉంచమనాలి, లేకపోతే నాలాగే ఏది పనిచేసిందో తెలియక తికమక పడతారు. (నడక మొదలుపెడతానంటే మాత్రం ఆపవద్దు, క్యాప్సూల్‌నే వాయిదా వేయండి.) మొదటి రెండు వారాలు పరగడుపున, భోజనం తర్వాత రెండు గంటలకు రోజూ చూసి రాయాలి. మూడు నెలలకు మళ్లీ అవే పరీక్షలు, అదే ల్యాబులో. ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి మూడు నెలలకంటే ముందు హెచ్‌బీఏ1సీ చూసి లాభం లేదు. తేడా 0.3 లోపు ఉంటే అది తేడా కాదు, ఆపేయాలి. నిజంగా తగ్గితే మాత్ర తగ్గించాలా అన్నది డాక్టరు నిర్ణయం, అమ్మినాయనది కాదు.

ఆయనతో మాట్లాడేటప్పుడు "మోసపోయారు" అనకండి. తొమ్మిదేళ్లు రోజూ మాత్రలు మింగినవారికి వాటిమీద విసుగు రావడం సహజం. ఆ విసుగు ఏమిటో అడగండి. మెట్‌ఫార్మిన్ వల్ల కడుపు ఇబ్బంది ఉందా? అలాగైతే నెమ్మదిగా కరిగే రకం ఉంది. గ్లిమెపిరైడ్ వేసుకున్నాక మధ్యాహ్నం కళ్లు తిరుగుతున్నాయా? అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటున్నారేమో. లో షుగర్ భయం లేని వేరే రకం మందులున్నాయి, మార్చవచ్చు. నేను చూసినవారిలో మాత్రలు మానాలనుకున్న చాలామందికి ఇలాంటి చెప్పుకోని కారణం ఒకటి ఉండేది. 8.1కి అసలు పరిష్కారం ఎక్కువసార్లు అక్కడే దొరికేది.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ సీసా పారేయకుండా వెంట తీసుకెళ్లండి, లేబుల్ నాలుగు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి. మీటర్‌ కూడా పట్టుకెళ్లండి. ల్యాబులో రక్తం ఇచ్చే నిమిషంలోనే దానితోనూ ఒకసారి చూస్తే, అది ఎంత తప్పు చూపిస్తోందో తేలిపోతుంది. హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ వచ్చాక అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.